వాడిన తెరచాప పడవను మంచి ధరకు అమ్మడం: విజయవాడ, గుంటూరు యజమానులకు సమగ్ర మార్గదర్శి

పడుకోవడానికి బెర్తులు, చిన్న వంటగది, మంచినీళ్ల ట్యాంకు, డీజిల్ ఇంజను ఉండి, రోజుల తరబడి సముద్రం మీద గడపడానికి అనువుగా కట్టిన తెరచాప పడవలు మన దేశంలోనే తక్కువ. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో వాటి యజమానులు మరీ తక్కువ. ఉన్నవారు సాధారణంగా నౌకల్లో ఉద్యోగం చేసి వచ్చినవారో, వ్యాపారం చేసుకుంటూ సముద్రం మీద మక్కువ పెంచుకున్నవారో అయి ఉంటారు. వీరందరికీ ఉమ్మడిగా ఉన్న చిక్కు ఏమిటంటే, మనిషి ఇక్కడ ఉంటాడు, పడవ కొచ్చిలోనో, చెన్నైలోనో, గోవాలోనో ఉంటుంది. ప్రకాశం బ్యారేజీ ఎగువన నిలిచే నీటిలో, భవానీ ద్వీపం చుట్టూ చిన్న పడవలు హాయిగా తిరుగుతాయి గాని, నీటి కింద మీటరున్నర, రెండు మీటర్ల కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క), నీటి పైన పన్నెండు మీటర్లకు మించిన మాస్ట్ (తెరచాపను మోసే స్తంభం) ఉన్న పడవకు అక్కడి నుంచి సముద్రానికి దారి లేదు. డెల్టా కాల్వల మీద ఉన్న వంతెనల కింద ఆ మాస్ట్ పట్టదు, కాల్వ లోతు ఆ కీల్‌కు చాలదు.

అందుచేత అమ్మకం పనంతా దూరం నుంచే నడపవలసి వస్తుంది, దూరం నుంచి నడిపే అమ్మకానికి ప్రాణం రికార్డు. పడవను ఎంత ప్రేమగా చూసుకున్నా, ఆ శ్రద్ధ కాగితం మీద కనబడకపోతే కొనేవాడు దానికి ఒక్క రూపాయి కూడా అదనంగా కట్టడు. గుంటూరు మిర్చి యార్డులో కొనుగోలుదారు పై టిక్కీ రంగు చూసి ధర చెప్పడు, అడుగున ఉన్నదాన్ని కూడా కోయించి చూస్తాడు. పడవ కొనేవాడు తీసుకొచ్చే సర్వేయర్, అంటే పడవ స్థితిని పరీక్షించే నిపుణుడు, చేసేది కూడా అదే. అతను కనిపెట్టబోయేదంతా మీరే ముందుగా కనిపెట్టి రాసి ఉంచడమే ఈ మార్గదర్శిలోని ప్రతి మెట్టుకూ ఆధారం.

మొదటి మెట్టు: కాగితాలు

పడవను తుడవడానికి ముందు ఫైలు తెరవండి. చాలా బేరాలు ధర దగ్గర కాక కాగితాల దగ్గర చెడిపోతాయి. మొట్టమొదట యాజమాన్యం గొలుసు చూసుకోవాలి. తయారీదారు ఇచ్చిన బిల్డర్స్ సర్టిఫికెట్ నుంచి, మధ్యలో చేతులు మారిన ప్రతిసారీ రాసుకున్న బిల్ ఆఫ్ సేల్ మీదుగా, మీ పేరు వరకు ఒక్క లంకె కూడా తెగకుండా ఉండాలి. మీకంటే ముందున్న యజమాని ఇచ్చిన కాగితంలో ఇంజను నంబరో, హల్ (పడవ శరీరం) నంబరో తప్పు పడి ఉంటే, ఆయన అందుబాటులో ఉండగానే సరిదిద్దించుకోవాలి. కొనేవాడు వచ్చాక ఆయనను వెతకడం మొదలుపెడితే, ఆ నెల రోజుల్లో కొనేవాడి మనసు మారిపోతుంది.

తరువాత నమోదు. పడవ మర్చంట్ షిప్పింగ్ చట్టం కింద మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ దగ్గర నమోదై ఉందా, లేక 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం కింద ఏదైనా రాష్ట్ర అధికారి దగ్గర నమోదై ఉందా అన్నది స్పష్టంగా తెలుసుకోవాలి. ఆ 2021 చట్టం కింద ఇచ్చిన నమోదు పత్రం దేశమంతటా చెల్లుతుంది గాని, అది నదులు, కాల్వలు, వెనుక జలాల వంటి లోతట్టు నీళ్లకు సంబంధించినది. దాన్ని చూపించి సముద్ర ప్రయాణానికి అనుమతి ఉన్నట్టు కొనేవాడికి చెప్పకూడదు. పేరు మార్పుకు ఏ ఫారం, ఎంత రుసుము, సర్వే కావాలా వద్దా అన్నవి ఆ కార్యాలయానికే ఉత్తరం రాసి, వచ్చిన జవాబును ఫైలులో పెట్టుకోండి. ఆ ఒక్క జవాబు కొనేవాడి సగం భయాన్ని తీరుస్తుంది.

విదేశంలో కొన్న పడవైతే కస్టమ్స్ కాగితం అన్నిటికంటే ముఖ్యం. సుంకం కట్టి దిగుమతి చేసుకున్నట్టు చూపే బిల్ ఆఫ్ ఎంట్రీ, చెల్లింపు రసీదు రెండూ ఉండాలి. విదేశీ జెండాతో, యాత్రకు వచ్చిన పడవగా సుంకం కట్టకుండా లోపలికి వచ్చి ఉంటే, దాన్ని ఇక్కడివారికి అమ్మడం దిగుమతి కిందికి వస్తుంది. ఆ సుంకం ఎంతవుతుందో కస్టమ్స్ బ్రోకర్‌తో లెక్క కట్టించి, ఎవరు భరించాలో తేల్చుకున్న తరువాతే ధర ప్రకటించాలి.

పడవ మీద బ్యాంకు అప్పు ఉండి తీరిపోయి ఉంటే, తీరినట్టు బ్యాంకు ఇచ్చిన లేఖతో పాటు నమోదు పుస్తకంలో తాకట్టు ఎత్తివేసినట్టు నమోదు కూడా కావాలి. లేఖ ఉంది కదా అని ఊరుకుంటే పుస్తకంలో తాకట్టు అలాగే మిగిలిపోతుంది. అన్నదమ్ముల పేరిటో, భార్యాభర్తల పేరిటో ఉమ్మడిగా ఉన్న పడవైతే అందరి సంతకాలు అవసరం. ఒకరు అమెరికాలో ఉంటే అక్కడి భారత కాన్సులేట్ ద్వారా ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీని ఇప్పుడే తెప్పించుకోవాలి.

పన్నుల విషయం ఆడిటరుగారితో ఒకసారి కూర్చుని తేల్చుకోండి. పూర్తిగా సొంత వాడకానికి ఉంచుకున్న పడవ, ఆదాయపు పన్ను చట్టం ప్రకారం సొంత వాడకపు చరాస్తి కిందికి వస్తుంది కనుక మూలధన లాభాల పన్ను సాధారణంగా తగలదు. అద్దెకు తిప్పి, తరుగుదల చూపించి, కంపెనీ పేరిట ఉంచిన పడవకు లెక్క పూర్తిగా వేరు, జీఎస్టీ కూడా తోడవుతుంది.

రెండవ మెట్టు: సర్వేయర్ కళ్లతో మీ పడవను చూడటం

ఈ మెట్టుకు రెండు మూడు రోజులు పూర్తిగా కేటాయించండి. నోటుబుక్కు, టార్చి, చిన్న అద్దం, ప్లాస్టిక్ తల ఉన్న సుత్తి చాలు. వీలైతే పడవను నీటి నుంచి పైకి ఎత్తించి చూడాలి.

ఫైబర్‌గ్లాస్ హల్‌కు నీటి కింద భాగంలో బొబ్బలు వచ్చాయా అన్నది మొదటి ప్రశ్న. పైపూత అయిన జెల్‌కోట్ గుండా నీరు మెల్లగా లోపలికి దిగి, లోపలి రసాయనాలతో కలిసి ద్రవంగా మారి, ఒత్తిడితో పైపొరను బొబ్బలుగా లేపుతుంది. దీన్నే ఆస్మోసిస్ అంటారు. ఎప్పుడూ వెచ్చని నీటిలో ఉండే మన తీరపు పడవల్లో దీన్ని తప్పక వెతకాలి. అక్కడక్కడ ఉన్న చిన్న బొబ్బలు పడవకు ప్రాణాంతకం కావు గాని, వాటిని దాచారన్న అనుమానం బేరానికి ప్రాణాంతకం. ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటో తీసి, ఎప్పుడు ఎపాక్సీ వేశారో రాసి పెట్టండి. సర్వేయర్ తేమ మీటరు పెట్టి చూస్తాడు. ఆ రోజే నీటి నుంచి తీసిన హల్ మీద ఆ మీటరు ఎక్కువ చూపించడం సహజం కనుక, కొన్ని రోజులు గట్టున ఆరిన తరువాత కొలవమని మర్యాదగా కోరవచ్చు.

డెక్ మీద సుత్తితో అడుగడుగునా మెల్లగా తట్టుతూ వెళ్లాలి. గట్టిగా, స్పష్టంగా మోగే చోట పొరలు బాగున్నట్టు. బొంగురుగా, చచ్చిన శబ్దం వచ్చే చోట లోపలి బల్సా చెక్క నీరు తాగి కుళ్లి ఉండవచ్చు. స్టాంచన్ల (డెక్ అంచున నిలిపే కడ్డీల) మొదళ్లు, క్లీట్ల (తాళ్లు కట్టే కొక్కేల) చుట్టూ, మాస్ట్ పాదం దగ్గర ఇది ఎక్కువగా కనబడుతుంది, ఎందుకంటే బోల్టు రంధ్రాల చుట్టూ పూసిన సీలెంట్ ఏళ్లు గడిచేకొద్దీ ఎండి చిట్లుతుంది.

మాస్ట్‌ను నిలబెట్టే స్టెయిన్‌లెస్ తీగలు పైకి మెరుస్తూనే లోపల దెబ్బతింటాయి. తీగ చివరను బిగించి పట్టే లోహపు గొట్టమైన స్వేజ్ మొదట్లో సన్నని పగుళ్లు, తుప్పు చారలు, తెగిన ఒక్క పోగు కనబడినా ఆ తీగను మార్చవలసిందే. అన్నిటికంటే ప్రమాదకరమైనది చైన్‌ప్లేట్, అంటే ఆ తీగల బరువునంతా హల్‌కు దింపే లోహపు పట్టీ. అది డెక్ గుండా దూరే చోట గాలి తగలక, తడి ఆరక, స్టెయిన్‌లెస్‌ను తుప్పు లోపలి నుంచి తినేస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. పది పన్నెండేళ్లు దాటిన రిగ్గింగ్‌ను, అంటే ఈ తీగల కట్టునంతా, మార్చమని సర్వేయర్లు చాలామంది రాస్తారు, కొన్ని బీమా సంస్థలు కూడా అదే షరతు పెడతాయి. కనుక మీ రిగ్గింగ్ ఎప్పటిదో రసీదుతో సహా చెప్పగలగాలి.

నీటి కింద హల్‌కు ఉన్న రంధ్రాలను మూసే కవాటాలైన సీకాక్‌లను ఒక్కొక్కదాన్నీ చేత్తో తిప్పి చూడండి. తిరగని సీకాక్ లేనిదానితో సమానం. కంచువి కాక ఇత్తడివి అయి, గోకితే గులాబీ రంగు తేలుతుంటే, అందులోని జింకు ఉప్పునీటిలో కరిగిపోయిందని అర్థం. వాటిని వెంటనే మార్చండి. ఆ ఖర్చు పెట్టకుండా పడవను ఎవరికీ చూపించకూడదు, ఎందుకంటే ఇది ధరకు సంబంధించిన మాట కాదు, ఎక్కిన మనిషి ప్రాణానికి సంబంధించినది. ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉండి, మిగతా లోహానికి బదులు తామే కరిగే జింకు యానోడ్లు సగానికి మించి కరిగి ఉంటే కొత్తవి వేయండి.

ఇంజను దగ్గర మీ గుంటూరు, బెజవాడ అనుభవం అక్కరకొస్తుంది. పడవల్లో ఉండేవి చాలామటుకు రెండు, మూడు, నాలుగు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజన్లే. ఇంజెక్టర్లు, ఆల్టర్నేటరు, స్టార్టరు మోటారు వంటివి విప్పి తెచ్చుకుంటే, ఆటోనగర్‌లో వాటిని పరీక్షించి సరిచేయగల పనివాళ్లు ఉన్నారు. అయితే ఉప్పునీటిని తోడే పంపు ఇంపెల్లరు, హీట్ ఎక్స్ఛేంజరు, ఎగ్జాస్ట్ ఎల్బో మాత్రం సముద్రపు ఇంజన్లకే ప్రత్యేకమైనవి. వాటికి తయారీ సంస్థ విడిభాగాలే వాడాలి. చల్లటి ఇంజను ఒక్క పట్టున అందుకోవాలి, వెనుక నుంచి నీరు ధారగా రావాలి. నల్లపొగ అంటే గాలి చాలక డీజిల్ పూర్తిగా కాలడం లేదని, లేదా ఇంజను మీద బరువు ఎక్కువైందని. నీలిపొగ అంటే ఆయిలు కాలుతోందని. వేడెక్కాక కూడా తగ్గని తెల్లపొగ అంటే నీటి ఆవిరో, కాలని డీజిలో. ప్రతి ఆయిలు మార్పునూ ఇంజను గంటలతో సహా ఒక పుస్తకంలో రాసి ఉంటే, ఆ పుస్తకాన్ని మించిన ప్రకటన లేదు.

మూడవ మెట్టు: ఏది చేయించాలి, ఏది వదిలేయాలి

అమ్మకానికి ముందు యజమానులు రెండు రకాలుగా డబ్బు వృథా చేసుకుంటారు. కొందరు కొత్త తెరచాపలు, దారి చూపే తెర అయిన కొత్త చార్ట్‌ప్లాటరు కొని పెట్టి, ఆ ఖర్చంతా ధరలో కలపాలని చూస్తారు. కొనేవాడికి తన ఇష్టాలు తనకుంటాయి కనుక అందులో సగం కూడా తిరిగి రాదు. మరికొందరు వంద రూపాయల బల్బు వెలగకపోయినా వదిలేస్తారు. వెలగని ఒక్క దీపం చూసిన మనిషి, కనబడని తీగలన్నీ కూడా ఇంతేనేమోనని అనుకుంటాడు. కనుక చిన్నవన్నీ పూర్తిగా సరిచేయండి, పెద్దవాటిని నిజాయితీగా రాసి ధరలో తగ్గించండి. భద్రతకు సంబంధించినవి మాత్రం చిన్నవైనా పెద్దవైనా మీ ఖర్చుతోనే చేయించాలి.

తెరచాపలు చిరిగి ఉంటే టార్పాలిన్లు కుట్టేవారికి ఇవ్వకండి. ఎండకు తట్టుకునే ప్రత్యేకమైన పాలిస్టరు దారం, జిగ్‌జాగ్ కుట్టు లేకపోతే ఆ అతుకు దగ్గరే మళ్లీ చిరుగుతుంది, పైగా మొదటి చూపులోనే నాసి పనిగా కనబడుతుంది. తెరచాపల మరమ్మతు తెలిసినవారికే పంపడం మేలు.

నాలుగవ మెట్టు: వాసన, శుభ్రత, ఫోటోలు

మన తీరపు ఉక్కలో మూసి ఉంచిన క్యాబిన్ వారం రోజుల్లోనే బూజు వాసన కొడుతుంది. మెట్లు దిగగానే ముక్కుకు తగిలే ఆ వాసన, మిగతా పడవ ఎంత బాగున్నా, బేరాన్ని అక్కడే ఆపేస్తుంది. పరుపులన్నీ తీసి ఎండబెట్టి, నిలబెట్టి ఉంచండి. అలమరాల తలుపులు తెరిచి ఉంచండి. అడుగున ఉండే బిల్జ్‌లో చేరిన నూనె, నీరు పూర్తిగా తోడించి, డిటర్జెంటుతో కడిగి, పొడిగా తుడిపించండి. పొడిగా, శుభ్రంగా ఉన్న బిల్జ్‌ను చూస్తే కొనేవాడు హల్ కారడం లేదని, ఇంజను ఆయిలు వదలడం లేదని నోటిమాట లేకుండానే తెలుసుకుంటాడు. సెంటు, అగరుబత్తి వాడి వాసనను కప్పిపుచ్చడం అనుమానాన్ని పెంచుతుంది. మీ సొంత సామాను, దేవుడి పటాలు, పాత తాళ్లు, సగం వాడిన రంగు డబ్బాలు అన్నీ దించేయండి.

ఫోటోలు ఉదయపు వెలుతురులో, పడవ చుట్టూ ఎక్కడా ఏమీ వేలాడకుండా తీయించాలి. ఇంజను, బిల్జ్, చైన్‌ప్లేట్ల లోపలి వైపు, కరెంటు ప్యానెల్ వెనుక భాగం, తెరచాపల అంచులు కూడా తప్పక తీయాలి. అందమైన సూర్యాస్తమయం ఫోటో ఒకటి చాలు.

ఐదవ మెట్టు: ధర కట్టడం

మన దేశంలో ఇటువంటి పడవలు అమ్ముడయ్యేది అరుదుగా కనుక, పోల్చి చూసేందుకు స్థానిక ధరలు దొరకవు. అదే తయారీ, అదే నమూనా, దగ్గరి సంవత్సరం పడవలు యాట్‌వరల్డ్ వంటి అంతర్జాతీయ జాబితాల్లో ఎంతకు ఉన్నాయో చూడండి. అవి అడిగే ధరలే తప్ప అమ్ముడైన ధరలు కావని గుర్తుంచుకోవాలి. అక్కడి నుంచి పడవను ఇక్కడికి తేవాలంటే కొనేవాడికి రవాణా, సుంకం, పన్నులు ఎంతవుతాయో లెక్క వేయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి విహార పడవల మీద జీఎస్టీ 40 శాతమైంది. ఇప్పటికే సుంకం కట్టి, మన దేశంలో నమోదై, ఇక్కడే నీటిలో ఉన్న పడవకు ఆ మేరకు విలువ ఉంటుంది, దాన్ని అడగడంలో తప్పు లేదు. ఆ మొత్తం నుంచి రిగ్గింగ్ వయసు, తెరచాపల అరుగుదల, రాసిపెట్టిన పెద్ద మరమ్మతుల ఖర్చు తీసివేస్తే న్యాయమైన ధర తేలుతుంది.

మీరు పడవ మీద పెట్టిన మొత్తం ఖర్చు ఈ లెక్కలో ఎక్కడా రాదు. ఇది మనసుకు కష్టమే గాని, కొనేవాడికి మీ గతంతో పని లేదు. మరొక లెక్క కూడా వేసుకోవాలి. ఉదాహరణకు బెర్తు (రేవులో పడవ కట్టుకునే చోటు) అద్దె, కాపలా మనిషి జీతం, బీమా, అడుగు శుభ్రం అన్నీ కలిపి నెలకు 40,000 రూపాయలు అవుతుంటే, ఐదు లక్షలు ఎక్కువ వస్తుందని ఏడాది ఆగిన యజమాని ఆ ఐదు లక్షల్లో 4,80,000 అప్పటికే ఖర్చు పెట్టి ఉంటాడు. ఆ ఏడాదిలో పడవ వయసు కూడా పెరిగి ఉంటుంది.

ఆరవ మెట్టు: కొనేవారిని చేరడం

స్థలాల బ్రోకర్లు, కార్ల మధ్యవర్తులు ఈ పనికి పనికిరారు. తెరచాప పట్టినవారి దగ్గరికే వెళ్లాలి. చెన్నైలో 1911 నాటి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్, ముంబయిలో 1846 నాటి రాయల్ బాంబే యాట్ క్లబ్, కొచ్చిలో బోల్గట్టి దగ్గరి మెరీనా (విహార పడవలు కట్టుకునే రేవు) మొదట అడగవలసిన చోట్లు. తెలుగువారిలో కొనేవారు కావాలంటే హుస్సేన్‌సాగర్ మీద పడవలు నడిపే క్లబ్బుల్లో చెప్పి చూడండి. డింగీలనే చిన్న పడవల మీద నేర్చుకున్నవారికే పెద్ద పడవ మీద ఆశ పుడుతుంది. నౌకాదళపు ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద ఆరుగురు మహిళా అధికారులు భూమిని చుట్టి 2018 మేలో గోవా చేరినప్పుడు, ఆ బృందంలో విశాఖకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. సముద్రం మీద తెరచాప ఎత్తగల మనుషులు మనలో లేరనుకోవలసిన పని లేదు.

ప్రకటనలో తయారీ, నమూనా, సంవత్సరం, పొడవు, లోతు, ఇంజను గంటలు, రిగ్గింగ్ మార్చిన సంవత్సరం, నమోదు, కస్టమ్స్ స్థితి, పడవ ఉన్న చోటు, ధర తప్పక ఉండాలి. ధర రాయని ప్రకటన చూసి నిజమైన కొనుగోలుదారు ఫోను చేయడు. తెలిసిన లోపాలను కూడా ప్రకటనలోనే రాయమని నా గట్టి సలహా. వాటిని చదివి కూడా విమానం ఎక్కి వచ్చిన మనిషి కొనే ఉద్దేశంతోనే వస్తాడు.

తూర్పు తీరంలో చూపించడానికి జనవరి నుంచి మార్చి వరకు మంచి కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం, ఏప్రిల్, మే నెలల్లో క్యాబిన్‌లో నిలబడలేనంత ఎండ.

ఏడవ మెట్టు: చూపించడం, బయానా, సర్వే

పడవ చూపించే రోజు మీరు స్వయంగా వెళ్లండి. ముందురోజే చేరుకుని, తెల్లవారి ఇంజను ముట్టుకోకుండా చల్లగా ఉంచండి. వచ్చినవారు ఇంజను మీద చెయ్యి వేసి చూస్తారు, వేడిగా ఉంటే కష్టపడి స్టార్ట్ చేసి ఉంచారని అనుకుంటారు. లోపాల జాబితా వారి చేతికిచ్చి, పడవలో కాసేపు వారిని ఒంటరిగా వదిలేయండి. మన వైపువారైతే "చివరి మాట చెప్పండి సార్, ఇప్పుడే బయానా ఇస్తాం" అని అక్కడే పట్టుబట్టవచ్చు. సర్వే కాకముందు చెప్పిన చివరి మాట చివరిది కాదు, సర్వే తరువాత మళ్లీ తగ్గించమంటారు. అందుకే కొంత వెసులుబాటు ఉంచుకుని మాట్లాడండి.

బయానా సాధారణంగా ధరలో పది శాతం. దాన్ని నోటిమాటగా కాక స్టాంపు కాగితం మీద ఒప్పందంతో తీసుకోవాలి. సర్వే, సీ ట్రయల్ (సముద్రం మీద నడిపి చూడటం) ఎన్ని రోజుల్లో పూర్తిచేయాలి, వాటి ఖర్చు ఎవరిది, పడవను పైకి ఎత్తించే ఖర్చు ఎవరిది, పెద్ద లోపం బయటపడితే బయానా ఎలా తిరిగి ఇవ్వాలి, కారణం లేకుండా మానుకుంటే ఏమవుతుంది, పడవతో పాటు ఏ సామాను వెళ్తుంది, ఇవన్నీ అందులో ఉండాలి. సర్వే, ఎత్తుబడి ఖర్చు కొనేవాడు భరించడం ఆనవాయితీ. డింగీ, దాని మోటారు, విడి లంగరు, ఉపకరణాల విషయంలోనే తరువాత తగాదాలు వస్తాయి కనుక సామాను జాబితా మీద ఇద్దరూ సంతకం చేయాలి. ఆషాఢం, మూఢం అని కొనేవారు ఆగుదామంటే కాదనకండి. అప్పగింత తేదీని వారి ముహూర్తానికి వదిలి, సర్వే, చెల్లింపు గడువులను మాత్రం ఒప్పందంలో ఉన్నట్టే ఉంచండి.

సీ ట్రయల్‌లో చుక్కాని మీరే పట్టుకోండి. యాజమాన్యం మారేదాకా పడవ బాధ్యత మీదే, బీమా కూడా మీ పేరిటే. ఇంజను పూర్తి వేగంలో తయారీదారు చెప్పిన ఆర్‌పీఎం అందుకోవాలి, ఆ తరువాత అన్ని తెరచాపలూ ఎత్తి, రెండు వైపులా తిప్పి చూపించాలి. సర్వేయర్ నివేదికలో మీ జాబితాలో ఉన్నవే ఉంటే ధర తగ్గించవలసిన అవసరం లేదు. ఆ మాట మర్యాదగా, గట్టిగా చెప్పండి. కొత్తది నిజంగా బయటపడితే, బాగుచేసే ఖర్చుకు వ్రాతపూర్వకమైన అంచనా తెప్పించి ఆ మేరకే మాట్లాడండి.

ఎనిమిదవ మెట్టు: సొమ్ము, అప్పగింత

మొత్తం సొమ్ము బ్యాంకు ద్వారానే రావాలి. ఒక లావాదేవీలో రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది, తీసుకున్నవారి మీద అంతే మొత్తం జరిమానా పడవచ్చు. సొమ్ము ఖాతాలో జమ అయినట్టు బ్యాంకు నుంచే నిర్ధారించుకున్నాక బిల్ ఆఫ్ సేల్ మీద సంతకం చేయండి. అందులో తేదీతో పాటు సమయం కూడా రాయాలి. పేరు మార్పు దరఖాస్తును కొనేవారితో కలిసి మీరే దాఖలు చేసి, అందిన రసీదు నకలు ఉంచుకోండి.

బీమాను అప్పగింత సమయం దాకా ఆపకూడదు. 2024 సెప్టెంబరు వరదలో తాళ్లు తెంచుకున్న పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లకు వచ్చి గుద్దుకోవడం మనమంతా చూశాం. కట్టిన చోటు నుంచి తప్పిపోయిన పడవ తనకే కాక ఇతరుల ఆస్తికి చేసే నష్టానికీ జవాబు చెప్పవలసింది దాని యజమానే.

పడవలో ఈపీఐఆర్‌బీ, అంటే ఆపదలో ఉపగ్రహానికి సంకేతం పంపే పరికరం, ఉంటే దాని నమోదును తప్పక మార్పించాలి. మన దేశంలో ఆ ప్రమాద సంకేతాలను బెంగళూరులోని ఇస్రో కేంద్రం అందుకుంటుంది. నమోదు పాత పేరిటే ఉండిపోతే, రేపు ఆ పడవ ఆపదలో చిక్కుకున్న రాత్రి గాలింపు సిబ్బంది మీకు ఫోను చేస్తారు, పడవలో ఎవరున్నారో మీరు చెప్పలేరు. వీహెచ్‌ఎఫ్ రేడియో లైసెన్సు మీ పేరిట ఉన్నది కనుక దాన్ని రద్దు చేయించి, కొత్త యజమానిని తన పేరిట తీసుకోమనండి. బెర్తు ఒప్పందాన్ని ముగించి, మిగిలిన డిపాజిట్టును రాబట్టుకోండి. కాపలా మనిషికి ఇవ్వవలసినది ఇచ్చివేసి, ఆయన పనితీరు గురించి కొత్త యజమానికి ఒక మాట చెప్పండి. చివరగా సీకాక్‌లు, ఫ్యూజులు, ట్యాంకుల కవాటాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే చిత్రాన్ని గీసి, ఇంజను పుస్తకంతో పాటు ఆయన చేతికివ్వండి.